మూడు ఊళ్ళు... నాలుగు పుస్తకాలు... రెండు గాజులు!

సినిమా పత్రికలో పుస్తకాల గోల ఏమిటని పేజీ తిప్పేయకండి! ఈ నాలుగు పుస్తకాల్లోనూ సినిమా ఉంది. అందులో ఒకటి సినిమాగా వచ్చిన నవల. తక్కిన మూడూ సినిమావాళ్ళు తమ గురించి తాము రాసుకున్నవి. వీటితో పాటు మా ఇంటి సంగతి కూడా ఒకటుంది. అది చివర్లో చెప్తాను.

రెండు నెలల క్రితం జమ్మలమడుగు నుంచి మా అక్క ఫోన్ చేసింది.

"అబ్బీ, నీ అల్లుడు నా మాట ఇనేట్లు లేడు. డిగ్రీ ఆఖరి పరీక్షలు కూడా రాయకుండా హైదరాబాదు పోతాడంట. హీరో అవుతాడంట! నా గాజులు అమ్మి డబ్బులియ్యమంటాండాడు. ప్రొద్దుటూరులో అయితే మంచి రేటొస్తాది, మామను కనుక్కో అంటాండాడు. నువ్వు సినిమా పత్రికలకు రాస్తావు గదా, నువ్వు చెప్తే ఇంటాడు. ఒకసారి వచ్చిపో నాయనా."

నేనుండేది ప్రొద్దుటూరులో. బంగారానికీ, పత్తికీ పేరున్న ఊరు. ఎవరింట్లో పెళ్ళయినా, ఎవరింట్లో కష్టమొచ్చినా నగ చేతపట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇక్కడికే వస్తారు. కొనడానికి వచ్చేవాళ్ళు గట్టిగా మాట్లాడతారు. అమ్మడానికి వచ్చేవాళ్ళు మెల్లగా మాట్లాడతారు. ఆ తేడా నాకు బాగా తెలుసు.

వస్తానన్నాను గానీ, ఏం చెప్పాలో తోచలేదు. "వద్దురా" అనడానికి నాకు నోరు రాదు. అందుకని సలహాలకు బదులు ఆ నెలలో నేను చదివిన పుస్తకాలు నాలుగు సంచిలో వేసుకున్నాను.

గొర్రెల వెనక నడిచిన హీరో

మొదటిది "కొండపొలం". సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. క్రిష్ దర్శకత్వంలో 2021 అక్టోబరులో వచ్చింది. వైష్ణవ్ తేజ్ హీరో, రకుల్ ప్రీత్ సింగ్ హీరోయిన్. నేనూ సినిమానే ముందు చూశాను. నవల మాత్రం ఈమధ్యే చదివాను. తలకిందుల వ్యవహారం అన్నమాట!

రాసినాయన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి. మా కడప జిల్లా బాలరాజుపల్లె మనిషి. 2019లో తానా నవలల పోటీలో బహుమతి అందుకున్న నవల ఇది.

కథ చెప్పుకుంటే చాలా చిన్నది. వానల్లేవు. ఊళ్ళో గొర్రెలకు మేత లేదు, తాగడానికి నీళ్ళు లేవు. కాపరులంతా కూడి మందల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు. అట్లా మేత కోసం కొండకు పోవడాన్నే "కొండపొలం పోవడం" అంటారు. ఇంజనీరింగు చదివి, ఉద్యోగం దొరక్క, నలుగురి ముందు నోరు విప్పలేక ఇంటికి తిరిగొచ్చిన రవీంద్ర అనే కుర్రాడు తండ్రి వెంట తానూ బయల్దేరతాడు. అడవిలో పులి ఉంది, దొంగలున్నారు. వీటన్నిటికంటే ముందు వాడి లోపల భయం ఉంది. ఆ భయం కొంచెం కొంచెంగా ఎట్లా వదిలిందో అదే నవల. ఆ కుర్రాడే చివరికి అడవిని కాపాడే ఆఫీసరు అవుతాడు.

సినిమాలో అయితే పులి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. నవలలో పులికంటే నీళ్ళ కోసం ఎక్కువ ఎదురుచూశాను. మంద దాహంతో ఉంటే ఆ దాహం చదివేవాడి గొంతులోకి వస్తుంది. ఇంకొక సంగతి... చదువుకున్న కొడుక్కి ఏమీ తెలియని చోట, చదువురాని తండ్రికి అన్నీ తెలుసు. గాలి తెలుసు, అడుగుజాడ తెలుసు, ఏ గొర్రె ఎందుకు తల వాల్చిందో తెలుసు. డిగ్రీ చేతికి రాగానే ఇంట్లో పెద్దవాళ్ళను తక్కువగా చూసిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ పేజీల దగ్గర పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను.

నవలలో లేని ఓబులమ్మ ప్రేమకథను సినిమా కోసం కలిపారు. తప్పు పట్టను. టిక్కెట్టు కొన్నవాణ్ణి కూర్చోబెట్టాలంటే పాటా కావాలి, జోడీ కావాలి. కానీ నవలలో ఉన్న నిదానం, పొద్దు పోకుండా సాగే ఆ పగళ్ళు, తెల్లవార్లూ మంద చుట్టూ కావలి... ఇవి పుస్తకంలోనే దొరుకుతాయి.

నాకు ఈ నవల మీద ఇంత ప్రేమ ఎందుకో కూడా చెప్పాలి. 1997లో "ప్రేమించుకుందాం రా", 1999లో "సమరసింహారెడ్డి" వచ్చి బ్రహ్మాండంగా ఆడాక, తెర మీద మా సీమ అంటే సుమోలూ, నాటుబాంబులూ, మీసాలూ అయిపోయింది. ఆ సినిమాలకు ఈల వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను, అబద్ధం ఎందుకు! కానీ పైచదువుకు వేరే ఊరు వెళ్ళినప్పుడు హాస్టల్లో ఒకడు, "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని నిజంగానే అడిగాడు. మా ఇంట్లో ఉన్నవి అమ్మ కుట్టుమిషనూ, ఒక ఎనుమూ. ఆ ఎనుమును తెర మీద చూపించేవాడు ఎప్పుడొస్తాడా అనుకునేవాణ్ణి. ఎనుము రాలేదు గానీ గొర్రెలు వచ్చాయి. నాకది చాలు.

తనకంటే పెద్దవాళ్ళకు తండ్రి

జమ్మలమడుగులో బస్సు దిగి అక్క ఇంటికి పోయేసరికి మా వాడు అద్దం ముందున్నాడు. ఎత్తూ, జుట్టూ, గడ్డమూ అన్నీ అమరినవాడే. గండికోట లోయ అంచున నిలబడి రీల్స్ తీస్తాడు. చూసేవాళ్ళూ బాగానే ఉన్నారు.

"మామా, నువ్వు ఏం చెప్పినా ఇంటా గానీ, పుస్తకం చదవమంటే మాత్రం నాతో కాదు" అన్నాడు, సంచి చూసి.

"చదవొద్దులే. ఒక ప్రశ్నకు జవాబు చెప్పు. ఎన్టీఆర్, ఏఎన్నార్, గుమ్మడి... ముగ్గురిలో చిన్నవాడెవరు?"

"గుమ్మడి అందరికీ నాయన గదా! ఆయనే పెద్దాయన."

కాదు! గుమ్మడి వెంకటేశ్వరరావు 1927లో పుట్టారు. ఎన్టీఆర్ 1923లోనే పుట్టారు. ఏఎన్నార్ కూడా గుమ్మడి కంటే పెద్దవారే. 1954లో "తోడుదొంగలు"లో గుమ్మడి ముసలి వేషం కట్టారు. 1955లో "అర్ధాంగి"లో నాగేశ్వరరావుకు తండ్రి అయ్యారు. అప్పటికాయనకు ముప్పై కూడా లేవు! 1962లో "మహామంత్రి తిమ్మరుసు"లో ఆ వృద్ధమంత్రిగా నిలబడినప్పుడు ఆయన వయసు నా ఇప్పటి వయసుకంటే తక్కువ.

ఆయన ఆత్మకథ పేరు "తీపి గురుతులు - చేదు జ్ఞాపకాలు". పేరులోనే రెండు రుచులూ ఉన్నాయి. ఆయన తెర మీద ఎట్లా మాట్లాడతారో పుస్తకంలోనూ అట్లాగే వినిపించారు నాకు. గొంతు పెంచరు. చేదు చెప్పేటప్పుడు కూడా పక్కవాడి మీద ఉమ్మరు. చదువుతూ నాకు తట్టిన ప్రశ్న ఒకటే: హీరో కావాలని ఎవరికుండదు? పాతికేళ్ళ వయసులో అద్దం ముందు కూర్చుని తెల్లజుట్టు అతికించుకోవాలంటే ఎంత ఓర్పు కావాలి? వచ్చిన వేషాన్నే తన వేషం చేసుకుని, ఆ వేషంతోనే ఇంటింటికీ తండ్రి అయిపోయాడు. 2010లో ఆయన పోయినప్పుడు మా వీధిలో ఒక ముసలాయన, "మా నాయన పోయినట్లుండాది" అన్నాడు. ఆ ముసలాయన గుమ్మడికంటే పెద్దవాడేమో కూడా!

మా వాడు నవ్వాడు గానీ, అద్దం వదిలి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఆ పుస్తకం తీసి ఫొటోలు తిరగేశాడు.

ఈలోగా విచిత్రం జరిగింది. రెండో పుస్తకం కనబడదు! చూస్తే వంటింట్లో అక్క చేతిలో ఉంది. భానుమతి రాసుకున్న "నాలో నేను". సినిమా గ్రంథంగా జాతీయ అవార్డు పొందిన పుస్తకం. అక్క గడప మీద కూర్చుని చదువుతోంది. పొయ్యి మీద ఎసరు పొంగి పొర్లుతోంది.

భానుమతి పుస్తకం గుమ్మడి పుస్తకానికి పూర్తిగా ఎదురు. ఆమె సర్దుకునే మనిషి కాదు, తలవంచుకునే మనిషి అసలే కాదు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యకు సంగీతమంటే ప్రాణం. ఆ ఇంటి పిల్ల 1939లో "వరవిక్రయం"తో సినిమాల్లోకి వచ్చింది. 1943లో అసిస్టెంటు డైరెక్టరు రామకృష్ణను తానే ఇష్టపడి పెళ్ళాడింది. సినిమాలు చాలు అనుకున్న మనిషిని మళ్ళీ లాక్కొచ్చిన సినిమా బి.ఎన్. రెడ్డి "స్వర్గసీమ", 1945లో. 1953లో "చండీరాణి"ని మూడు భాషల్లో తానే డైరెక్టు చేసింది. ఆ కాలంలో ఒక ఆడమనిషి మెగాఫోన్ పట్టుకోవడమంటే మాటలా?

"మిస్సమ్మ" సంగతి మీకు తెలిసిందే. మొదట ఆమే నాయిక. మాట తేడా వచ్చింది, వదిలేసింది. ఆ వేషం సావిత్రికి వెళ్ళింది, 1955లో సినిమా వచ్చింది, ఆ తర్వాత చరిత్ర! ఇంకొకరైతే జీవితమంతా దాన్ని తలుచుకుని ఏడ్చేవారు. ఈమె ఏడవలేదు. ఆ ధైర్యం నాకు నచ్చింది. అయితే ఒక చిన్న ఫిర్యాదు కూడా ఉంది. ఈమె తను గెలిచిన సంగతులు చెప్పినంత హుషారుగా, తనకు నొప్పి తగిలిన సంగతులు చెప్పదు. అక్కడ తలుపు సగమే తెరిచి మూసేస్తుంది. అది ఆమె ఇష్టం అనుకోండి.

అక్క తలెత్తి అడిగింది: "మొగుణ్ణి తానే ఎంచుకుందా ఈమె? ఆ కాలంలో!"

"అవునక్కా."

కాసేపాగి ఇంకోటి అడిగింది. "అబ్బీ, ఇట్లా సినిమాకు పొయ్యినోళ్ళు ఇంతింత పుస్తకాలు రాస్తారు గదా... వాళ్ళను పంపిచ్చేదానికి ఇంట్లో ఎవురి గాజులు పోయినాయో అది ఎవురన్నా రాసినారా?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పలేకపోయాను. పొయ్యి మీద ఎసరు దించాను.

కొమ్మ మీంచి కొమ్మకు

మర్నాడు నాకు పులివెందులలో పనుంది. మా వాడు, "నేనూ వస్తా మామా" అన్నాడు. ముద్దనూరు మీదుగా పోయే బస్సు ఎక్కాం. నాలుగో పుస్తకం వాడి ఒళ్ళో పెట్టాను. ముళ్ళపూడి వెంకటరమణ "కోతి కొమ్మచ్చి". "స్వాతి" వారపత్రికలో వారం వారం వచ్చి, 2009లో పుస్తకమైంది.

"యాడనుంచైనా చదవచ్చా ఇది?"

"యాడనుంచైనా!"

అదే ఈ పుస్తకం తమాషా. చెట్టెక్కి కొమ్మ మీంచి కొమ్మకు దూకే పిల్లల ఆటే దీని కథనం. పుట్టాను, పెరిగాను, చదివాను అని వరస ఉండదు. ఒక జ్ఞాపకం నుంచి ఇంకో జ్ఞాపకానికి గెంతుతారు. రీల్స్ చూసే కుర్రాడికి ఇంతకంటే ఏం కావాలి? ముద్దనూరు వచ్చేలోపు వాడు నాలుగుసార్లు పకపకా నవ్వాడు. ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగి, "ఏముండాది అబ్బీ అందులో?" అని అడిగాడు కూడా.

నవ్వించడానికే పుట్టాడనుకున్న రమణగారి చేత సినిమావాళ్ళు మొదట్లో రాయించింది ఏమిటో తెలుసా? "రక్తసంబంధం"! 1962లో వచ్చి, హాళ్ళలో ఆడవాళ్ళ కొంగులు తడిపిన సినిమా. తర్వాత 1967లో బాపూ, ఆయనా కలిసి "సాక్షి" తీశారు. పెద్ద సెట్టింగుల్లేవు. పులిదిండి అనే గోదావరి పల్లెలో, తక్కువ రోజుల్లో, తక్కువ డబ్బుతో చుట్టేశారు. హీరో కృష్ణ అప్పటికి ఇంకా కొత్తవాడే.

నవ్వుతున్న మా వాడు ఒకచోట ఆగిపోయాడు. నాకు తెలుసు, ఎక్కడ ఆగాడో. తండ్రి పోయాక పిల్లల్ని వెంటబెట్టుకుని మద్రాసు చేరిన తల్లి... వాళ్ళ కడుపు నింపడానికి ఆమె చేసిన చిన్నాచితకా పనులు... రమణగారు అక్కడ కూడా నవ్వుతూనే రాస్తారు. ఆ నవ్వు చదివేవాడి గొంతుకు అడ్డం పడుతుంది. నేను చదివిన సినిమావాళ్ళ పుస్తకాల్లో తల్లి కష్టాన్ని ఇంత దగ్గరగా చూపించినది ఇంకొకటి లేదు. అక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఉన్నది ఈ పుస్తకంలోనే.

వాడు పుస్తకం మూశాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పులివెందుల వచ్చిందాకా మాట్లాడలేదు.

బస్టాండు దగ్గర టీ తాగుతూ నేనే మొదలుపెట్టాను. "ఈ చుట్టుపక్కలోళ్ళు సినిమాకు పోవడం కొత్త కాదురా. 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్. రెడ్డి పుట్టింది ఈ పులివెందుల తాలూకా కొత్తపల్లిలోనే. ఆయన తమ్ముడే నాగిరెడ్డి. 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన విజయా సంస్థను చక్రపాణితో కలిసి నడిపినాయన. అన్నకు 1974 ఫాల్కే అవార్డు, తమ్ముడికి 1986 ఫాల్కే అవార్డు. ఒక్క ఇంట్లో రెండు! మనం బస్సులో వచ్చిన దారికి అంత దూరం కాదు సింహాద్రిపురం. అక్కడ పుట్టినాయన పద్మనాభం."

"కామెడీ చేసేటాయనా?"

"కామెడీ ఒక్కటేనా? 'పాతాళభైరవి'లో మాంత్రికుడి శిష్యుడు సదాజప ఆయనే. తర్వాత నిర్మాత అయి 1965లో ఎన్టీఆర్, సావిత్రితో 'దేవత' తీశాడు. 1967లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో ఒక కొత్త కుర్రాడి చేత పాడించాడు. ఆ కుర్రాడెవరో తెలుసా? ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం! సొంత సినిమాల్లో పేరూ చూశాడు, నష్టమూ చూశాడు. తెర మీద మాత్రం జనాన్ని నవ్విస్తూనే ఉన్నాడు."

వాడు గ్లాసు కింద పెట్టి, సూటిగా అడిగాడు.

"ఇన్ని తెలుసు గదా మామా నీకు. కతలు రాస్తావు. మరి నువ్వెందుకు పోలేదు?"

ఇదిగో, చివర్లో చెప్తానన్న సంగతి ఇదే.

పోలేదని ఎవరన్నారు? ఇరవై రెండేళ్ళకు నేనూ పోయాను. హైదరాబాదు కృష్ణానగర్లో ఒక గదిలో నలుగురితో కలిసి ఎనిమిది నెలలున్నాను. ఒక ఆఫీసులో నా కథ విన్నారు. బాగుందన్నారు. రేపు రమ్మన్నారు. రేపు అనే మాట మూడు నెలలు నడిచింది. చివరికి పేరు లేకుండా, డబ్బు లేకుండా వాళ్ళ కథకు మాటలు రాసిపెట్టమన్నారు. అవీ రాశాను. ఆ తర్వాత వాచ్‌మన్ నన్ను గేటు దాటనివ్వలేదు. ఇంటికొచ్చి, పచ్చకామెర్లు వచ్చాయని ఊరంతా చెప్పాను. నెల రోజులు చప్పిడి కూడు తిన్నాను కూడా, అబద్ధం అతికినట్లుండాలని!

హైదరాబాదు పోవడానికి నాకు డబ్బులెక్కడివి? అమ్మ మెడలో గొలుసు. ప్రొద్దుటూరులోనే, నేనూ అమ్మా కలిసి వెళ్ళి అమ్మాం. అమ్మ మెల్లగా మాట్లాడింది. గొలుసు పోయిందని అక్కకు తెలుసు. ఎందుకు పోయిందో తెలియదు. అమ్మ చెప్పలేదు. అమ్మ పోయాక నేనూ చెప్పలేదు. పద్నాలుగేళ్ళుగా ఇతరుల ఆత్మకథలు చదివి, వీళ్ళు ఇది దాచారు, అది దాచారు అని తీర్పులు రాస్తున్నాను. నా కథలో ఒక్క పేజీ కూడా ఎవరికీ చూపించలేదు.

పులివెందుల టీ అంగడి ముందు నిలబడి అదంతా మా వాడికి చెప్పాను. చెప్తుంటే చెవులు వేడెక్కాయి. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మామా, నువ్వు వాళ్ళకు చెప్పిన కత... అది ఇంకా నీ దగ్గర ఉండాదా?"

"ఉంది. పెట్టెలో."

"ఇంటికి పోయినాక సదివి ఇనిపిస్తావా?"

ఆ రాత్రి జమ్మలమడుగులో భోజనాలయ్యాక అక్కకు కూడా చెప్పాను. అక్క తిట్టలేదు. "అమ్మ నాతో గొలుసు బాయిలో పడిందని చెప్పింది రా" అంది. నేను లేనప్పుడు పగలంతా బాయిలో వెదికించిందట కూడా! ఇద్దరం నవ్వాం. తర్వాత అక్క కళ్ళు తుడుచుకుంది.

ఇంతకూ మా వాడు ఏం చేశాడంటారా? మనసు మార్చుకున్నాడని రాస్తే ఈ వ్యాసానికి చక్కని ముగింపు దొరికేది. కానీ మార్చుకోలేదు. హైదరాబాదు పోతాడు. అయితే పరీక్షలు రాశాకే పోతాడట. గాజుల మాట మళ్ళీ ఎత్తలేదు. ముద్దనూరులో స్నేహితుడి సెల్‌ఫోన్ అంగట్లో పనికి కుదిరాడు. ఆరు నెలల ఖర్చు తానే కూడబెట్టుకుంటాడట. ఆరు నెలలు చాలవురా అన్నాను. "తెలుసు మామా, నీకు ఎనిమిది పట్టింది గదా, ఎనక్కి వచ్చేదానికి!" అన్నాడు, దొంగనవ్వు నవ్వుతూ. వాడు రమణగారి పుస్తకం తిరిగి ఇవ్వలేదు. అక్క భానుమతిని తిరిగి ఇవ్వలేదు. గుమ్మడీ, గొర్రెలూ మాత్రం నాతో ప్రొద్దుటూరు వచ్చేశాయి.

చదువరులారా, ఈ వారం మీరు ఏ సినిమాకు వెళ్ళినా సరే, హాయిగా చూడండి, ఈల వేయండి. ఇంటికొచ్చాక ఈ నాలుగింటిలో ఏదో ఒకటి దొరికితే తెరిచి చూడండి. మీలో ఎవరైనా రైలెక్కాలని సంచి సర్దుకుని ఉంటే వద్దని చెప్పే అర్హత నాకు లేదు. ఒక్క సంగతి మాత్రం అడుగుతాను. ఆ టిక్కెట్టు డబ్బులు ఎవరి మెడలోంచి, ఎవరి చేతి నుంచి వచ్చాయో ఎక్కడన్నా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు మీరు పెద్దవాళ్ళయి ఆత్మకథ రాసుకున్న రోజున, మా అక్కలాంటి వాళ్ళు గడప మీద కూర్చుని ముందు వెదికేది ఆ పేజీ కోసమే!